హీట్ పంపు మా ఇంటికి వద్దు, హాస్టళ్ళకు పెట్టండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఇల్లు కట్టుకునేవాళ్ళ కోసం మీరు వేసే పేజీలో ఈ మధ్య వేన్నీళ్ళ గురించి రాశారు. గ్యాస్ గీజరైతే ఖర్చు తక్కువ, హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే కరెంటు యంత్రం) అయితే పర్యావరణానికి మంచిది, మీ బడ్జెట్‌ని బట్టి రెండింట్లో ఏదో ఒకటి పెట్టుకోండి అని ముగించారు. ఆ కటింగు మా ఆయన ఫ్రిజ్ తలుపుకి అంటించి మూడు వారాలైంది. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు వైపు మాకూ ఓ ఇల్లు లేస్తోంది. స్లాబు అయిపోయింది, ప్లంబరు గోడలు కొట్టడానికి కాచుకుని కూర్చున్నాడు, వేడి నీళ్ళ పైపు ఎటునుంచి ఎటు పోవాలో చెప్పండమ్మా అని రోజూ ఫోను. అందుకని ఈ ఉత్తరం కొంత కోపంగా, కొంత లెక్కలుగా ఉంటుంది. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, లెక్క చూసుకోకుండా నాకు కోపం కూడా రాదు.

ముందు కోపం సంగతి చెప్తాను. రెండేళ్ళ క్రితం మేం అద్దెకున్న ఇంట్లో బాత్‌రూమ్ లోపలే గ్యాస్ గీజరు ఉండేది. అది చూపించి మరీ ఓనరు అద్దె ఐదొందలు ఎక్కువ చెప్పారు, మేం కూడా సంతోషంగానే ఒప్పుకున్నాం. బాత్‌రూమ్ నాలుగడుగుల వెడల్పు. పైన చిన్న వెంటిలేటరు ఉంది గానీ దోమలొస్తున్నాయని దానికి మేమే అట్టముక్క అడ్డం పెట్టాం, కాబట్టి తప్పంతా ఓనరుదని నేను అనను. సంక్రాంతి ఇంకో నాలుగు రోజులుందనగా ఓ పొద్దున మా పెద్దమ్మాయి తలంటుకోవడానికి వెళ్ళింది. తలుపేసుకుంది. నేను వంటింట్లో ఉన్నాను, బకెట్టు నిండి నీళ్ళు కింద పడుతున్న చప్పుడు వస్తూనే ఉంది, మగ్గు చప్పుడు మాత్రం లేదు. ఫోన్ పట్టుకెళ్ళిందేమోనని ఒక కేక వేశాను. పలకలేదు. గడియ చిన్నదే, మా ఆయన భుజంతో రెండుసార్లు తోస్తే ఊడింది. పిల్ల గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, పిలిస్తే మాట లేదు. దుప్పటి చుట్టి వరండాలోకి ఎత్తుకొచ్చాక కాసేపటికి వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందమ్మా అంది. ఆస్పత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న జ్వరం ఉందా అని కాదు, గీజరు లోపల ఉందా బయట ఉందా అని. ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపించారు. పిల్ల బాగానే ఉంది, ఇప్పుడు ఇంజనీరింగు చదువుతోంది.

ఇంటికొచ్చాక నేను ఆ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాసన చూశాను. షాంపూ వాసన తప్ప ఇంకేమీ లేదు. ఇక్కడే అందరూ మోసపోతారు. సిలిండర్ లీకైతే కంపు కొడుతుంది కదా, తెలిసిపోతుంది కదా అనుకుంటాం. ఆ కంపు గ్యాసుది కూడా కాదు, లీకైతే మనకి తెలియాలని కంపెనీలు కలిపే మందుది. మంట మండుతున్నప్పుడు అది కాలిపోతుంది. గాలి చాలని గదిలో గ్యాస్ సరిగా కాలకపోతే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, ఒంటికి ఆక్సిజన్ అందదు. తల తిరుగుతోందని తెలిసేసరికి లేచి గడియ తీసే ఓపిక ఉండదు. అందుకే గ్యాస్ గీజరు బాత్‌రూమ్ బయట, గాలాడే చోట బిగించాలి, పొగ బయటికి పోయే దారి ఉండాలి, పైపు ద్వారా వేన్నీళ్ళు మాత్రమే లోపలికి రావాలి. మంట నీలంగా కాక పచ్చగా మండుతుంటే ఆ రోజే ఆపేయాలి. మీ వ్యాసం అర పేజీ ఉంది. ఈ సంగతి అందులో ఒక్క వాక్యం కూడా లేదు. గీజరు ఫోటో వేశారు, అది కూడా బాత్‌రూమ్ లోపలిదే.

ఇక లెక్క. ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో కేలరీ కావాలి, 860 కిలో కేలరీలు కలిస్తే ఒక యూనిట్ కరెంటు. మా ఇంట్లో ఆరుగురం. మనిషికి ఇరవై లీటర్ల బకెట్టు, చలికాలంలో ట్యాంకు నీళ్ళని 22 నుంచి 42 డిగ్రీలకు తేవాలనుకోండి. రోజుకు 120 లీటర్లు, 2,400 కిలో కేలరీలు, అంటే 2.8 యూనిట్లు, నెలకి 84. ట్యాంకులో చల్లారిపోయే వేడి వదిలేశాను, నిజంగా చూస్తే ఇంకాస్త పెరుగుతుంది.

చలికాలంలో మా ఇంటి మామూలు వాడకం నెలకి 180 యూనిట్లు. మామూలు కరెంటు గీజరు పెట్టి దీని మీద ఈ 84 పడితే మొదటి 45 యూనిట్లు 6 రూపాయల స్లాబులో, 225 దాటిన 39 యూనిట్లు 8.75 స్లాబులో పడతాయి. మొత్తం 610 రూపాయల చిల్లర. పాత ఖర్చుల పేరుతో బిల్లులో వేసే ట్రూఅప్పు చార్జీలూ అవీ ఇందులో కలపలేదు, వాటి గురించి వేరే ఉత్తరం రాయాలి. అదే నీళ్ళు గ్యాస్ మీద కాస్తే, కిలో ఎల్పీజీలో సుమారు 11,000 కిలో కేలరీలు, అందులో వందకి ఎనభై నీళ్ళకి చేరిందనుకుంటే నెలకి ఎనిమిది కిలోల పైచిలుకు కావాలి. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుంటే అది 520 రూపాయలు. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటు తిని మూడు యూనిట్ల వేడి ఇస్తుంది కాబట్టి 28 యూనిట్లతో సరిపెడుతుంది, అన్నీ 6 రూపాయల స్లాబులోనే, 170 రూపాయలు.

చూశారా, గ్యాసుకీ మామూలు కరెంటు గీజరుకీ తేడా నెలకి తొంభై రూపాయలు. మన ఊళ్ళో వేన్నీళ్ళు నిజంగా కావలసింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు. ఏడాదికి 360 రూపాయల కోసం నాలుగడుగుల గదిలో మంట పెట్టుకుని, వెంటిలేటరుకి అట్టముక్క పెట్టుకుని కూర్చున్నాం. మా పక్కింటాయన అంటారు, దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం కదండీ, అవి గీజరుకి పెట్టేస్తే అసలు ఖర్చే లేదు కదా అని. ఆ పథకం 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలైంది. పొయ్యి ముందు పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళ కోసం పెట్టింది, మగవాళ్ళ స్నానాల కోసం కాదు అని చెప్పాను. నవ్వేశారు గానీ సిలిండర్ మాత్రం ఇంకా బాత్‌రూమ్‌లోనే ఉంది.

ఇంకో మాట కూడా వింటూ ఉంటాం, కరెంటు పోయినా గ్యాస్ గీజరు పనిచేస్తుందని. నిజమే, దానికి రెండు బ్యాటరీలు చాలు. కానీ దానికి నీళ్ళు పైనుంచి ఒత్తిడితో రావాలి, ట్యాంకు నిండాలంటే మోటారు తిరగాలి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో మా అత్తగారి ఊళ్ళో చాలా రోజులు కరెంటు లేదు. ఉన్న గీజర్లన్నీ గోడకి వేలాడుతూ ఉండిపోయాయి, పడిపోయిన కొబ్బరి చెట్ల మట్టలు పొయ్యిలో పెట్టి కాగులో కాచుకున్నారు.

హీట్ పంపు గురించి ఇంకా చెప్పడానికి ముందు అదెలా పనిచేస్తుందో చెప్పాలి, మా స్టాఫ్ రూమ్‌లోనే సగం మందికి తెలియదు. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది కదా. లోపలి సరుకుల వేడిని లాగి వెనక వదులుతోంది. హీట్ పంపు అదే పని బయటి గాలితో చేస్తుంది, గాలిలోని వేడిని లాగి నీళ్ళలో వదులుతుంది. కరెంటు వేడి పుట్టించడానికి కాదు, వేడిని మోయడానికి ఖర్చవుతుంది, అందుకే ఒకటికి మూడు. ఇదేం నిన్నటి కనిపెట్టుడు కాదు. 1850ల్లో ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ అనే ఇంజనీరు ఉప్పునీళ్ళు ఇగర్చడానికి ఇలాంటి యంత్రం కట్టాడు. మన నౌపడ ఉప్పు మడుల్లో సూర్యుడు ఊరికే చేసిపెట్టే పని వాళ్ళకి అక్కడ ఎండ చాలక యంత్రంతో చేయించుకోవలసి వచ్చింది. నాకు ఈ సంగతి చాలా ఇష్టం, క్లాసులో కూడా చెప్తాను.

అలాంటి ఇష్టంతోనే విశాఖ డీలరుకి ఫోన్ చేశాను. 200 లీటర్ల హీట్ పంపుకి బిగింపుతో కలిపి లక్షా పదివేలు చెప్పాడు. పాతిక లీటర్ల మామూలు గీజరు పది వేలకి వస్తుంది. తేడా లక్ష. నెలకి 440 మిగులు, నాలుగు నెలలకి 1,760, లక్ష రూపాయలు తిరిగి రావాలంటే దాదాపు 57 ఏళ్ళు. యంత్రం అంతకాలం బతకదు, సముద్రపు గాలికి బయటి యూనిట్ రేకులు ముందే తుప్పు పడతాయి, మా బోరు నీళ్ళకి లోపల సున్నం కడుతుంది, రిపేరు మనిషి విశాఖ నుంచి రావాలి. మా అత్తయ్యకి ఈ లెక్కలేవీ అక్కర్లేకపోయింది. "ఏటమ్మా, నీళ్ళు కాయడానికి లచ్చ రూపాయలా? సరుగుడు పుల్లలేటైపోయాయి?" అన్నారు. పుల్లల సంగతి ఎలా ఉన్నా, లచ్చ సంగతి మాత్రం నిజం.

మరి ప్రపంచమంతా దీని గురించే మాట్లాడుతోంది కదా అని మీరనొచ్చు. మా తమ్ముడు ఇంగ్లాండ్‌లో లెస్టర్ దగ్గర కొత్త ఇల్లు కొంటున్నాడు. వాడికీ ఇదే ప్రశ్న, బిల్డరు గ్యాస్ బాయిలరా హీట్ పంపా తేల్చుకోమన్నాడు. ఆదివారం ఫోన్లో ఇద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. అక్కడ మామూలు ఇంట్లో ఏడాదికి పది వేల యూనిట్లకు అటూ ఇటుగా గ్యాస్ కాలుతుందని లెక్క వేస్తారు, స్నానాలకే కాదు, ఇల్లంతా వెచ్చగా ఉండటానికి. మా ఇంటి వేన్నీళ్ళకి ఏడాదికి కావలసింది 340 యూనిట్ల లోపు. దాదాపు ముప్పై రెట్ల తేడా. వాడి ఇంట్లో హీట్ పంపు ఆరు నెలలు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, మా ఇంట్లో అయితే పొద్దున గంటా రెండు గంటలు తిరిగి రోజంతా పడుకుంటుంది.

అక్కడ చిక్కు వేరే ఉంది. వాళ్ళకి ఒక యూనిట్ కరెంటు ఖరీదు ఒక యూనిట్ గ్యాస్‌కి దాదాపు నాలుగు రెట్లు. హీట్ పంపు ఒకటికి మూడు ఇచ్చినా గ్యాస్ కంటే కొంచెం ఎక్కువే అవుతుంది, బాయిలరులోనూ కొంత వేడి పొగతో పోతుంది కాబట్టి నాలుగు అక్కర్లేదు గానీ మూడున్నర దాటితే గానీ సమానం కాదు. పాత ఇళ్ళలో అందుకే జనం వెనకాడతారు. బాయిలరు 60, 70 డిగ్రీల నీళ్ళు రేడియేటర్లలోకి తోస్తుంది, హీట్ పంపు 45, 50 దగ్గర ఉంటేనే పొదుపుగా నడుస్తుంది, అంటే గోడలూ కిటికీలూ వేడి పోనివ్వకూడదు, రేడియేటర్లు పెద్దవి కావాలి. పాత ఇంట్లో గ్యాస్ బాయిలరు తీసేసి హీట్ పంపు పెట్టుకుంటే ఇంగ్లాండ్, వేల్స్‌లో ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తోంది. బిల్డరు కట్టి అమ్మే కొత్త ఇంటికి అది రాదు. అయినా నేను వాడికి హీట్ పంపే తీసుకోమన్నాను. ఇల్లు కొత్తది, గోడల్లో వేడి పోనివ్వని దూది దట్టంగా ఉంది, రేడియేటర్లు ఇంకా బిగించలేదు కాబట్టి పెద్దవి పెట్టించుకోవచ్చు, గ్యాస్ కనెక్షనే తీసుకోకపోతే వాడినా వాడకపోయినా కట్టే స్టాండింగ్ చార్జీ ఏడాదికి వంద పౌండ్ల పైన మిగులుతుంది. చలికి పనిచేయదేమో అక్కా అన్నాడు. నార్వేలో సగానికి పైగా ఇళ్ళలో ఉన్నాయిరా, లెస్టర్ చలి ఒక చలా అన్నాను, శ్రీకాకుళంలో కూర్చుని.

ఒకే వారంలో తమ్ముడికి పెట్టుకో అని, నేను వద్దనుకున్నాను. విచిత్రం ఏమిటంటే ఈ యంత్రానికి గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత హాయి, డిసెంబరు తెల్లవారుజామున కూడా మన దగ్గర పదహారు, పదిహేడు డిగ్రీలుంటుంది కాబట్టి ఇక్కడ లెస్టర్ కంటే బాగా తిరుగుతుంది. బాగా తిరిగే చోట మనిషికి దానితో పని తక్కువ. బడ్జెట్‌ని బట్టి ఎంచుకోండి అని మీరు రాసిన మాటలో నాకు నచ్చనిది ఇదే. ఇంట్లో ఎంతమంది, ఎన్ని నెలలు, మీ మీటరు ఏ స్లాబులో తిరుగుతోంది, ఇవి అడగకుండా బడ్జెట్ మాట ఎందుకు?

అలాగని మన జిల్లాల్లో దీనికి చోటే లేదా అంటే, ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సీతంపేట కొండల వైపు ఓ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి చలి శ్రీకాకుళం చలి కాదు. నాలుగు వందల మంది పిల్లలు, నాలుగున్నరకే లేపేవాళ్ళం, ఎనిమిది కుళాయిలు, మేడ మీద ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీళ్ళు. చిన్నపిల్లలు ముందు చెయ్యి పెట్టి చూసి, తీసేసి, మళ్ళీ పెట్టి, చివరికి కళ్ళు మూసుకుని ఒక్క మగ్గు నెత్తిన పోసుకుని కెవ్వుమనేవారు. సగం మంది మొహం, కాళ్ళు కడుక్కుని స్నానం అయిందని చెప్పేవారు, నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. మేడ మీద సోలార్ హీటరు ఉండేది, గాజు గొట్టాలు నాలుగు పగిలాయి, బిల్లు పెట్టాం, నేను బదిలీ అయ్యేదాకా అవి రాలేదు.

ఇప్పుడు ఆ నాలుగు వందల మందికి లెక్క వేయండి. ఒక్కొక్కరికి పదిహేను లీటర్లు, 6,000 లీటర్లు, ఇరవై డిగ్రీలు పెంచాలి. రోజుకి 140 యూనిట్ల వేడి. మామూలు కరెంటు హీటర్లతో 140 యూనిట్లూ కట్టాలి, హీట్ పంపులతో 47. యూనిట్ 7 రూపాయలనుకున్నా రోజుకి 650 రూపాయలు మిగులు, నెలకి ఇరవై వేలకు దగ్గర. కొండల మీద చలి నాలుగు నెలలతో పోదు కూడా. నా ఇంట్లో 57 ఏళ్ళు పట్టే సొమ్ము అక్కడ కొన్నేళ్ళలో తిరిగొస్తుంది. పైగా దీన్ని తెల్లవారుజామున తిప్పక్కర్లేదు. మధ్యాహ్నం గాలి వెచ్చగా ఉన్నప్పుడు, మేడ మీద సోలార్ పలకలు ఉంటే వాటి కరెంటు వస్తున్నప్పుడు కాచి, మందంగా దూది చుట్టిన ట్యాంకులో ఉంచితే పొద్దున ఐదింటికి కూడా నీళ్ళు వేడిగానే ఉంటాయి. కల్యాణ మండపాలు, ఆస్పత్రులు, డే అండ్ నైట్ కూడలి చుట్టుపక్కల లాడ్జీలు కూడా ఇదే కోవ, వాళ్ళకి లెక్క వాళ్ళే వేసుకోగలరు. హాస్టలు పిల్లల తరఫున ఎవరూ వేయరు. కాబట్టి మీ పేజీలో హీట్ పంపుల గురించి ఇంకోసారి రాసేటప్పుడు మా లాంటి ఆరుగురి ఇళ్ళ గురించి కాదు, ఆ స్నానాల గదుల గురించి రాయండి. పాడైతే మూడు రోజుల్లో రిపేరు చేయాలని కాంట్రాక్టులో రాయించకుండా కొనొద్దని కూడా రాయండి, లేకపోతే ఆ గాజు గొట్టాల పక్కన ఇవి కూడా పడి ఉంటాయి.

మా ఇంటికి ఏం తేల్చామంటారా. గ్యాస్ కోసం గోడకి రంధ్రం పెట్టొద్దని ప్లంబరుకి చెప్పేశాం, అలవాటు కొద్దీ పెట్టేశాడు, మళ్ళీ సిమెంటు పూయించాం. కింద బాత్‌రూమ్‌లో పాతిక లీటర్ల స్టార్ రేటింగు ఉన్న కరెంటు గీజరు ఒకటి. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలారుకి 78,000 సబ్సిడీ ఉంది కాబట్టి, గృహప్రవేశం అప్పు కాస్త తీరాక పలకలు పెట్టిద్దామని ఉంది, అరసవల్లి సూర్యనారాయణమూర్తి నీడలో ఉంటూ ఎండ వృథా చేయడం దేనికి. ఎప్పుడైనా హీట్ పంపు పెడితే పనికొస్తాయని మేడ మీదికి వేన్నీళ్ళ పైపు ఒకటి, చన్నీళ్ళది ఒకటి వేయించి మూతలు బిగించాం, పక్కన 16 యాంపుల పాయింటు కూడా. ఇప్పుడు దానికి ఖర్చు రెండు వేలు కాలేదు, టైల్స్ వేశాక అయితే గోడలు పగలగొట్టాలి. హీట్ పంపు ధర సగానికి దిగితే అప్పుడు చూస్తాం. ఇది మాత్రం ఇల్లు కడుతున్న ఎవరికైనా చెప్తాను, ఏది పెట్టినా పెట్టకపోయినా ముందు పైపులు వేయించుకోండి.

మీ నుంచి నేను కోరేది చిన్నదే. గ్యాస్ గీజరు బాత్‌రూమ్ లోపల బిగించకూడదని, వెంటిలేటరు మూయకూడదని, తల తిరిగినట్టనిపిస్తే ముందు తలుపు తీసి బయటికి రావాలని, అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో వేయండి. సంక్రాంతికి ముందు వేస్తే మంచిది, తలంట్లు ఎక్కువ ఆ రోజుల్లోనే. మీ పాత కటింగు ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. ఇది వస్తే దాని పక్కన అంటిస్తాం.

ఇట్లు
ఒక లెక్కల టీచర్,
శ్రీకాకుళం